నెలకు 4,999 రూపాయల ఎస్‌ఈఓ ప్యాకేజీ: నల్లగొండ నుంచి ఏడు నెలల అనుభవం

మేమిద్దరం కలిసి నల్లగొండలో ఒక చిన్న సంస్థ నడుపుతున్నాం. బోరు నీళ్ల నమూనా తీసుకొని ప్రయోగశాలలో పరీక్ష చేయించడం, ఫలితాన్ని బట్టి ఆ ఇంటికి ఎలాంటి ఫిల్టర్ సరిపోతుందో చెప్పి బిగించడం, తర్వాత సర్వీసు చూసుకోవడం మా పని. ఫ్లోరైడ్ గురించి ఈ జిల్లా వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి శాస్త్రవేత్తలు మన ఊరి పేరే పెట్టారు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక కూడా బోరు మీద ఆధారపడే ఇళ్లు, హోటళ్లు, హాస్టళ్లు ఉన్నందున మాకు పనికి లోటు లేదు గాని, ఈ పని చేసేవాళ్లం ఉన్నామని మర్రిగూడలోనో చండూరులోనో ఉన్న మనిషికి తెలిసే దారి లేకపోయింది. కరపత్రాలు పంచాం, ఆటోకు మైకు కట్టి తిప్పాం. ఆ తర్వాతే హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీ దగ్గర, కొత్తగా మొదలైన సంస్థల కోసమని అమ్ముతున్న చవక ఎస్‌ఈఓ ప్యాకేజీ తీసుకున్నాం. గూగుల్‌లో ఎవరైనా వెతికినప్పుడు మన వెబ్‌సైట్ పైన కనబడేలా చేసే పనినే ఎస్‌ఈఓ అంటారు. నెలకు 4,999 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపితే 5,899. ఏడు నెలలకు 41 వేలు దాటింది. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే ధరకు ఇవే మాటలు చెప్పే ఫోన్లు మాకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి కనుక పేరు కంటే పనితీరు చెప్పడమే చదివేవాళ్లకు పనికొస్తుంది.

వాళ్లు ఇచ్చిన హామీ ఇది: మూడు నెలల్లో 20 కీవర్డులకు (జనం వెతికే మాటలకు) మా సైట్ గూగుల్ మొదటి పేజీకి, నెలకు 50 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మా సైట్‌కు లింకులు), నాలుగు వ్యాసాలు, మ్యాప్‌లో మా సంస్థ నమోదు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని, మార్పుల ఫలితం కనబడటానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పడుతుందని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసిపెట్టింది. ఆ పేజీ మేము డబ్బు కట్టిన తర్వాత చదివాం.

ముందుగా మంచి పని గురించి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగానే మంచి పని. మొదటి నెలలో వాళ్ల దగ్గరి సాంకేతిక నిపుణుడు మా వెబ్‌సైట్‌లోని ఫొటోల బరువు తగ్గించాడు. మేము ఫోన్‌తో తీసినవి తీసినట్టే ఎక్కించడం వల్ల పేజీ తెరుచుకోవడానికి ఆరేడు సెకన్లు పట్టేది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత, అతను మమ్మల్ని దాని కిందికి తెచ్చాడు. సిగ్నల్ ఒక గీత మీద ఆడే పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. అన్ని పేజీలకూ ఒకే శీర్షిక ఉంటే వేటికవి వేరుగా రాయించాడు, సైట్‌లోని పేజీల జాబితాను గూగుల్‌కు చూపే సైట్‌మ్యాప్ పెట్టాడు, వెతుకులాటలో మన సైట్ లెక్కలు చూపే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్‌కు కలిపాడు. ప్యాకేజీ ఆ నెలతో ముగిసి ఉంటే నేను అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చేవాణ్ణి.

రెండో నెల నుంచి వచ్చిన నివేదికలు రంగురంగుల పటాలతో నిండి ఉండేవి. 14 కీవర్డులు మొదటి పేజీకి చేరాయని మూడో నెలలో రాశారు, మేమూ సంతోషించాం, కాని ఫోన్ మాత్రం మోగలేదు. సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే సంగతి బోధపడింది. మన పేజీ ఏ మాటకు ఎన్నిసార్లు కనిపించిందో, ఎంతమంది నొక్కారో అందులో 16 నెలల వరకు లెక్క ఉంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మొదటి పేజీకి చేరాయన్న ఆ పద్నాలుగింటిలో ఎక్కువ భాగం ఎవరూ వెతకని పొడవాటి ఇంగ్లిష్ పదబంధాలే. ఎవరూ పరుగెత్తని పందెంలో మొదట రావడం లాంటిది అది. మిగిలినవి హైదరాబాద్‌ను ఉద్దేశించినవి; వంద కిలోమీటర్ల దూరంలో కూకట్‌పల్లిలో ఫిల్టర్ బాగు చేయడానికి మేము పోతామా? మా గిరాకీ నకిరేకల్, మునుగోడు, దేవరకొండ, హాలియా వైపు ఉంటుందని మొదటి సమావేశంలోనే చెప్పాం. వాళ్లు రాసుకున్నారు కూడా.

అసలు నష్టం మ్యాప్ నమోదు దగ్గర జరిగింది. మ్యాప్‌లో సంస్థ వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, బోర్డు మీద ఉన్న పేరే అందులో ఉండాలన్నది నియమం. ఏజెన్సీ వాళ్లు మమ్మల్ని అడగకుండా మా పేరు పక్కన ‘బెస్ట్ ఆర్‌ఓ సర్వీస్ నల్గొండ’ అని చేర్చారు. కొద్ది వారాలు బాగానే కనిపించి, అయిదో నెలలో ప్రొఫైల్ మొత్తాన్ని గూగుల్ నిలిపేసింది. బోర్డు ఫొటో, జీఎస్‌టీ పత్రం జతచేసి అప్పీలు పెట్టుకుందామంటే ప్రొఫైల్ మా చేతిలో లేదు, వాళ్ల ఈమెయిల్ మీద ఉంది. యాజమాన్యం కోరుతూ గూగుల్ ద్వారా అభ్యర్థన పంపితే ఇప్పటి యజమాని మూడు రోజుల్లో జవాబివ్వాలి. మూడో రోజు సాయంత్రం ఇచ్చారు. అంతా సర్దుకొని ప్రొఫైల్ తిరిగి కనిపించేసరికి పదకొండు రోజులు పోయాయి, అదీ ఎండాకాలంలో, నీళ్ల గురించి మనుషులు ఎక్కువగా ఆలోచించే రోజుల్లో.

బ్యాక్‌లింకుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పెళ్లి సంబంధాల సైట్ల నుంచి, ఏ దేశానివో తెలియని జాబితాల నుంచి మాకు లింకులు వచ్చాయి; ఇలాంటి కొనుగోలు లింకుల మీద గూగుల్ 2012లోనే తన ర్యాంకుల పద్ధతిలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పుతో చర్య మొదలుపెట్టింది. వ్యాసాల్లో ఒకటి ‘నీరు తాగడం వల్ల ప్రయోజనాలు’.

ఆరో నెల నుంచి సగం పని మేమే చేయడం మొదలుపెట్టాం. ఇంటికి వెళ్లి సేవ చేసే సంస్థలు ప్రొఫైల్‌లో 20 ప్రాంతాల వరకు చూపవచ్చు, అవి సుమారు రెండు గంటల ప్రయాణ దూరంలో ఉండాలి. మేము తిరిగే మండలాలన్నీ అందులో ఇమిడిపోయాయి. పని పూర్తయిన ప్రతి ఇంటికీ వాట్సాప్‌లో లింకు పంపి, ఉన్నది ఉన్నట్టు రాయమని అడిగాం. రివ్యూకు బదులుగా తగ్గింపు ఇస్తామని చెప్పడం నిబంధనలకు విరుద్ధం కనుక ఆ పని చేయలేదు. ఒకాయన మూడు నక్షత్రాలు ఇచ్చి ‘పని మంచిదే, చెప్పిన టైముకు రారు’ అని రాశారు. ఆ మాట నిజమే.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది మేము తెలుగులో రాసుకున్న ఒకే ఒక పేజీ. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది టీడీఎస్ మీటరు నీళ్లలో ముంచి, అంకె తక్కువ చూపితే ఫ్లోరైడ్ లేదనుకుంటారు. ఆ మీటరు నీటి విద్యుత్ వాహకతను బట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. రోజూ ఇళ్లలో చెప్పే ఈ సంగతినే, నమూనా సీసా ఎలా కడగాలి, ఎంత నీరు పట్టాలి అన్న వివరాలతో కలిపి రాశాం. రెండు నెలలకు సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీకి వచ్చిన ప్రశ్నలు చూస్తే సగం తెలుగు లిపిలో, సగం ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసిన తెలుగులో ఉన్నాయి. ఏజెన్సీ ఇచ్చిన 20 కీవర్డుల జాబితాలో వాటిలో ఒక్కటీ లేదు. పరీక్ష కోసం వచ్చే ఫోన్లు వారానికి ఒకటీ రెండు నుంచి ఆరేడుకు పెరిగాయి. వాళ్లలో ఎక్కువమంది ‘మీటరు మాట చదివినం’ అంటూనే మొదలుపెడతారు.

ఏడో నెల చివర ఒప్పందం ఆపేశాం. మొత్తం సేవకు అయిదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ రెండూ మొదటి నెల పనికే. వెబ్‌సైట్ నెమ్మదిగా ఉండి, దాన్ని సరిచేయడం చేతకానివాళ్లు ఇలాంటి వారి చేత ఒక్కసారికి పని చేయించుకుంటే మేలు; నెలనెలా కట్టే పద్ధతికి ఒప్పుకునే ముందు డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా), ప్రొఫైల్, సెర్చ్ కన్సోల్ మూడూ తమ సొంత ఈమెయిల్ మీద ఉంటాయని రాతపూర్వకంగా తీసుకోవాలి, నివేదికలో ర్యాంకుల పక్కన ఫోన్ల లెక్క కూడా అడగాలి. మాకు ఇప్పుడు డొమైన్, హోస్టింగ్ ఖర్చు తప్ప నెలవారీ బిల్లు లేదు. కొత్త పేజీ కావలసినప్పుడు విషయం మేము రాస్తాం, మా వీధిలోనే ఉండే ఒక డిగ్రీ విద్యార్థి పేజీకి 600 రూపాయలు తీసుకొని ఎక్కిస్తాడు. ప్రస్తుతం హాస్టళ్ల నీటి ట్యాంకులు కడిగే పద్ధతి మీద రాస్తున్నాం.