నేలపట్టులో గూడబాతుల (పెలికాన్ల) దగ్గర ఒక పొద్దు

నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట: పొద్దెక్కకముందే చెరువు గట్టు మీద ఉండండి. మేం ఆలస్యమయ్యాం. రాత్రి సూళ్లూరుపేటలో లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, అయిదింటికి వస్తానన్న ఆటో రెండుసార్లు ఫోన్ చేస్తే ముప్పావు గంట లేటుగా వచ్చింది. అక్కణ్ణుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఆ ముప్పావు గంట పోయినందుకు ఇప్పటికీ బాధే.

ఈ పక్షుల కేంద్రం మొత్తం 458 హెక్టార్లే. కానీ చెరువులో మునిగి నిలబడ్డ నీటికడప చెట్లు రెట్టలతో తెల్లబడి, కొమ్మకొమ్మకీ గూళ్లతో కిక్కిరిసి ఉన్నాయి. మూడు గంటలు ఒక్క చెట్టునే చూశాం. తల్లి గూడబాతు వాలి నోరు తెరవగానే పిల్ల తలంతా ముక్కు కింది సంచిలోకి దూర్చేసింది. "నాన్నా, అమ్మ పిల్లని మింగేస్తోంది!" అని మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల తల బయటికి తీశాకే ఊపిరి పీల్చుకుంది. పక్క కొమ్మ మీద నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగాకే వస్తుంది. ఇదంతా బైనాక్యులర్స్ ఉంటేనే, తప్పకుండా తీసుకెళ్లండి.

మాకు అక్కడ తినడానికేమీ దొరకలేదు. ఇడ్లీలు, నీళ్లు సూళ్లూరుపేటలోనే కట్టించుకుని వెళ్లడం మంచిదైంది.

మధ్యాహ్నం పులికాట్ సరస్సు వైపు, శ్రీహరికోట దారిలో అటకానితిప్పకి వెళ్లాం. రాజహంసలు (ఫ్లెమింగోలు) ఉన్నాయి, కానీ దూరంగా, ఎండ సెగలో అల్లాడే గులాబీ గీతలా. రెండూ ఒక్కరోజులో చూడాలంటే పులికాట్‌ని సాయంత్రానికి పెట్టుకోండి. ఒక్కటే కుదిరితే నేలపట్టే.

ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం ఎక్కువ. పక్షుల కోసమే అయితే మామూలు రోజుల్లో వెళ్లండి. మేమున్నప్పుడు ఎవరో ఫోన్లో పాట పెద్దగా పెట్టారు, దగ్గరి చెట్టు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తల్లి లేచిన గూటి మీదికి కాకులు వస్తాయి. దయచేసి అక్కడ గొంతు తగ్గించండి.

పిల్లలకి ఈకలొచ్చాక చూడాలని ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి నెల్లూరు నుంచే కారు మాట్లాడుకున్నాం, నాలుగింటికే బయల్దేరేలా.