బోదకాలికి కొలిచి అల్లించిన కంప్రెషన్ సాక్సు: ఒక లేడీస్ టైలరు సమీక్ష

నల్లగొండలో జాకెట్లు కుట్టి బతికే నాకు ఎడమ కాలికి బోదకాలు ఉంది. మోకాలి కింది వరకు వచ్చే, నా కాలికే కొలిచి అల్లించిన కంప్రెషన్ సాక్సును, అంటే కాలిని నొక్కి పట్టి వాపును ఆపే సాక్సును, కొన్నేళ్ళుగా వాడుతున్నాను. ఒకటి పాతబడగానే మరొకటి చేయించుకుంటూ వస్తున్నాను. ఈ సమీక్షలో బట్ట గురించి కన్నా కొలత గురించే ఎక్కువ రాస్తున్నాను. ఒకే కంపెనీ, ఒకే రకం అల్లిక, ఒకే ఒత్తిడి ఉన్న రెండు సాక్సులలో ఒకటి పొద్దున్నుంచి రాత్రి దాకా కాలిని పట్టి ఉండటమూ, మరొకటి మధ్యాహ్నానికే చీలమండ ముందు మడతపడి చర్మాన్ని కోయడమూ నేను చూశాను. ఆ తేడా కొలిచిన చేతిలో ఉంది తప్ప అల్లిన మిషనులో లేదు.

మా జిల్లాలో బోదకాలు కొత్త సంగతి కాదు. ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు రక్తంలోని పిల్ల పురుగులను చంపి జబ్బు మరొకరికి పాకకుండా ఆపుతాయి గానీ, ఒంట్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫు నాళాలు ఒకసారి దెబ్బతింటే వాటిని బాగుచేయలేవు. వాపును అదుపులో ఉంచాలంటే కాలిని రోజూ కడిగి తుడుచుకోవడం, వ్యాయామం, కట్టు లేదా సాక్సు ముఖ్యం. కంప్రెషన్ అందరికీ పనికిరాదని కూడా ముందే చెప్పాలి. కాలికి రక్తం తీసుకుపోయే ధమనులు బాగా మూసుకుపోయినవారికి, గుండె బలహీనత ముదిరినవారికి ఇది హాని చేస్తుంది కాబట్టి, డాక్టరు పాదం దగ్గర నాడి చూడకుండా ఎవరూ కొలతకు కూర్చోకూడదు.

మొదట్లో నేను పట్టణంలోని ఒక సర్జికల్ దుకాణంలో రెడీమేడ్ సాక్సు కొన్నాను. సాయంత్రం పూట, నిలబెట్టి, చీలమండ దగ్గరా పిక్క దగ్గరా టేపు చుట్టి, డబ్బా వెనకున్న పట్టికలో సైజు చూసి ఇచ్చారు. అది పిక్క దగ్గర సరిపోయింది, చీలమండ దగ్గర వదులైంది, పై అంచు చుట్టుకుపోయి మోకాలి కింద తాడు బిగించినట్టు పట్టేసింది. అలా ఎందుకైందో తర్వాత అర్థమైంది. ఒకే బిగువుతో లాగిన బట్ట సన్నని చోట గట్టిగా, లావు చోట మెల్లగా నొక్కుతుంది. దీన్నే లాప్లాస్ సూత్రం అంటారు. మామూలు కాలిలో చీలమండ సన్నగా, పిక్క లావుగా ఉంటుంది కాబట్టి ఒత్తిడి కింద ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండేలా చేయడం తేలిక. బోదకాలిలో ఆ లెక్క తిరగబడుతుంది. నా చీలమండ మీద ఒక లోతైన మడత, దాని పైన ఉబ్బు, ఆ పైన మళ్ళీ కొంచెం సన్నబడే పిక్క ఉన్నాయి. పట్టికలో అలాంటి కాలికి గడి లేదు.

ఇప్పుడు నేను వాడేది ఫ్లాట్ నిట్ రకం. గుండ్రని మిషను మీద అతుకు లేకుండా అల్లే సాక్సులో సూదుల సంఖ్య మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉంటుంది, దారం బిగువును మాత్రమే మార్చగలరు. ఫ్లాట్ నిట్‌లో వరుస వరుసకూ సూదులను పెంచుతూ తగ్గిస్తూ కాలి ఆకారానికి బట్టను పరిచి అల్లి, చివర వెనకవైపు కుట్టు వేస్తారు. బట్ట మందంగా, కొంచెం బిరుసుగా ఉండి మడత లోపలికి దిగిపోకుండా దాని మీదుగా పరుచుకుంటుంది. నాకు డాక్టరు రాసింది మూడో తరగతి, అంటే జర్మనీ ప్రమాణం ప్రకారం చీలమండ దగ్గర 34 నుంచి 46 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడి (బీపీని కొలిచే లెక్కే ఇది). రెండో తరగతి 23 నుంచి 32 వరకే. ఇలాంటి ఒత్తిడి సాక్సులకు 1950 ప్రాంతంలో అమెరికాలో రూపమిచ్చిన కాన్రాడ్ జోబ్స్ట్ డాక్టరు కాదు, సిరల జబ్బుతో బాధపడిన ఇంజినీరు. ఈత కొలనులో నిలబడితే కాళ్ళకు హాయిగా ఉండటం గమనించి, లోతు పెరిగేకొద్దీ పెరిగే నీటి ఒత్తిడిని బట్టలోకి తేవాలనుకున్నాడట. కాలు నొచ్చినవాడికే ఆ ఆలోచన రావడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఇక కొలత. నాకు హైదరాబాదులో ఒక ఫిజియోథెరపిస్టు కొలుస్తుంది. ముందు కొన్ని వారాలు చేతితో లింఫును మళ్ళించే మర్దన, పొరలు పొరలుగా కట్టు, వ్యాయామం నడుస్తాయి. కాలు తగ్గి తగ్గి ఒక చోట నిలబడ్డాకే టేపు తీస్తుంది. ఇంకా తగ్గుతున్న కాలిని కొలిస్తే సాక్సు చేతికి వచ్చేసరికే వదులవుతుంది. కొలిచేది ఉదయం పూట, రాత్రి కట్టు విప్పిన వెంటనే. కట్టు విప్పి కబుర్లు చెబుతూ కూర్చుంటే కాలు మళ్ళీ నింపుకోవడం మొదలుపెడుతుంది. మట్టెలు, పట్టీలు తీయించి, కాలి కింద తెల్లకాగితం పరిచి, పెన్నుతో చర్మం మీద చుక్కలు పెడుతుంది. వేళ్ళ మొదట్లో ఏ, మడమ మీదుగా ఏటవాలుగా వై, చీలమండ ఎముకల పైన సన్నని చోట బీ, మడమ నరం పిక్క కండలో కలిసే చోట బీ1, పిక్కలో అన్నిటికన్నా లావైన చోట సీ, మోకాటి వెనక గీతకు రెండు వేళ్ళ కింద డీ. ఒక్కొక్క చుక్క దగ్గర చుట్టుకొలత, నేల నుంచి ఆ చుక్క దాకా ఎత్తు, రెండూ రాస్తుంది.

వై దగ్గర ఆమె ఎప్పుడూ ఆగుతుంది. “అక్కా, పాదం మీదికి గుంజి పట్టు” అంటుంది. పాదాన్ని ఎంత వీలైతే అంత పైకి లాగి పట్టినప్పుడే మడమ కొన నుంచి పాదం పై వంపు దాకా టేపు చుట్టాలి. పాదం వేలాడుతుండగా కొలిస్తే ఆ అంకె మారిపోతుంది, తర్వాత నడిచేటప్పుడు బట్ట వంపులో కుప్పపడుతుంది. ఒక కంపెనీ మనిషి నాకు అలా కొలిచిన సాక్సు ఇంకా బీరువాలో ఉంది, తొడిగిన ప్రతిసారీ చీలమండ ముందు ఎర్రగా గీత పడేది. చుక్కలన్నీ అయ్యాక ఆమె మొదటి నుంచి మళ్ళీ కొలుస్తుంది, రెండు అంకెలు కలవకపోతే మూడోసారి చుడుతుంది. ఎముక దగ్గర టేపును చర్మానికి ఆనించి వదిలేస్తుంది, మెత్తని వాపు దగ్గర మాత్రం కొంచెం బిగించి చదువుతుంది. ఎంత బిగించాలన్నది ఆమె వేళ్ళకు తెలుసు. నాకు ఆ భాష అర్థమవుతుంది గానీ, నా వృత్తికి ఇది పూర్తిగా ఎదురు. నేను జాకెట్టుకు కొలత మీద లూజు కలుపుతాను, ఇక్కడ కంపెనీ కొలతలోంచి తగ్గించి అల్లుతుంది. అందుకే టేపు కింద వేలు పెట్టి కొలిచే మా అలవాటు ఇక్కడ పనికిరాదు.

మా దగ్గర ఆది జాకెట్టు ఇచ్చి కొత్తది కుట్టించుకునే పద్ధతి ఉంది. సాక్సుకు ఆది పనికిరాదు. ఆరు నెలలు రోజూ వాడిన సాక్సులో రబ్బరు దారం సాగి ఉంటుంది, ఈలోగా కాలు కూడా మారి ఉంటుంది. పాత కొలతలతోనే పంపమని ఒకసారి ఒక దుకాణం వారు సలహా ఇచ్చారు, వినలేదు. ప్రతిసారీ కొత్తగా కొలిపించుకుని, కొలతలు రాసిన ఫారం నకలు అడిగి తెచ్చుకుంటాను. పాత ఫారాన్ని పక్కన పెట్టి చూస్తే కాలు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో అంకెల్లో కనిపిస్తుంది.

నల్లగొండ నుంచి వెళ్ళేవారు గమనించాల్సింది ఒకటి ఉంది. హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులో కాలు వేలాడేసుకుని పోతే, మధ్యాహ్నం కొలతలో ప్రయాణం వాపు కూడా కలుస్తుంది. ముందు రోజు సాయంత్రమే వెళ్ళి బంధువుల ఇంట్లో కట్టుతో పడుకుని, పొద్దున్నే మొదటి వంతు తీసుకోవడం మేలు. అది కుదరకపోతే దారంతా కట్టు ఉంచుకుని అక్కడే విప్పాలి.

కూర్చునే తీరు గురించి కొలిచేవారు అడగరు, మనమే చెప్పాలి. నేను నేల మీద కూర్చుని గుండీలు కుడతాను, బాసింపట్టు వేసుకుంటాను, మిషను తొక్కుతాను. పై అంచు రెండు వేళ్ళు కిందికి ఉండాలన్న నియమం గొంతుక్కూర్చునేవారికి మరీ ముఖ్యం, అంచు మోకాటి మడతలోకి ఎక్కితే చర్మం ఒరుసుకుపోతుంది. మిషను తొక్కడానికి పాదం రోజంతా పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి మడమను టీ ఆకారంలో అల్లించుకున్నాను, ముడతలు చాలా తగ్గాయి. వేళ్ళు తెరిచి ఉండే రకాన్నే ఎంచుకున్నాను. మా ఎండల్లో వేళ్ళ సందులు చెమటకు పాసిపోతే అక్కడి నుంచే క్రిములు చొరబడి, గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వస్తుంది. వేళ్ళు తెరిచి ఉంటే పగలు కూడా తుడుచుకోవచ్చు.

తొడగడం తేలిక కాదు. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుని, మడమ వరకు తిరగేసి, బట్టను అరచేత్తో కొంచెం కొంచెంగా పైకి తోయాలి. పై అంచు పట్టి లాగితే ఒత్తిడి అంతా పైకి పోగవుతుంది. గాజులు, మట్టెలు తగిలితే దారం లేస్తుంది. నూనె, క్రీము రాత్రి పూటే రాస్తాను, పొద్దున రాస్తే దారం పాడవుతుంది. మా బోరు నీళ్ళలో సబ్బు నురగ పట్టక తెల్లటి పొరలా అల్లికలో ఉండిపోతుంది కాబట్టి, కృష్ణా నీళ్ళు వచ్చినప్పుడు గోరువెచ్చగా చేసి, తక్కువ సబ్బుతో ఉతికి, పిండకుండా తుండులో చుట్టి నొక్కి నీడలో ఆరబెడతాను.

లోపాలు చెప్పాలంటే, మే నెలలో ఈ మందం బట్ట నరకం. మధ్యాహ్నం సాక్సు మీదే నీళ్ళు చిలకరించుకుంటే కాసేపు ఓర్చుకోవచ్చు. వెనక కుట్టు చీర కింద కనబడదు గానీ పంజాబీ డ్రెస్సు వేసుకునే పిల్లలకు నచ్చదు. ధర రెడీమేడ్‌కు ఎన్నో రెట్లు. ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు, ఎన్నో నెలలది కూడబెడితే గానీ ఒక్క సాక్సు రాదు. ఉతికిన రోజున వేసుకోవడానికి రెండోది కూడా ఉండాలి కాబట్టి ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. అయినా వదులైన సాక్సును ఏడాది ఈడ్చడం కన్నా, ఒకటే కొని దాన్ని సమయానికి మార్చుకోవడం, ఉతికిన రోజు కట్టు కట్టుకోవడం నయమనిపించింది.

కొలత ఇచ్చాక సాక్సు రావడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో కట్టు మానేస్తే కాలు ఉబ్బి, సరిగ్గా కొలిచిన సాక్సు కూడా ఎక్కదు. వచ్చిన రోజున అక్కడే తొడిగి, పది నిమిషాలు నడిచి, ఒకసారి గొంతుక్కూర్చుని లేచి, చీలమండ ముందూ మోకాలి వెనకా బట్ట ఎలా ఉందో చూసుకున్నాకే నేను బిల్లు కడతాను. తేడా ఉంటే ఫారంలో ఏ చుక్క దగ్గరో చూపించి సరిచేయించమని అక్కడే అడుగుతాను.