ఆలోచనకు అర్థం మార్చుకోవడం: ఓసీడీలో ఆరేళ్లు వాడాక నా మాట

ఓసీడీకి (అక్కర్లేని ఆలోచనలు పదేపదే వచ్చి, ఆ భయం తగ్గడానికి ఏదో ఒకటి మళ్లీమళ్లీ చేయించే మానసిక సమస్య) థెరపీ మొదలుపెట్టి ఆరేళ్లయింది. అందులో నేర్పిన వాటిలో ఇప్పటికీ రోజూ వాడుతున్నది రీఫ్రేమింగ్, అంటే బుర్రలోకి వచ్చిన ఆలోచనను ఆపడం కాకుండా, దానికి మనం ఇచ్చే అర్థాన్ని మార్చుకోవడం. పనిచేస్తుంది. కానీ మొదటి ఏడాదిన్నర దీన్ని తప్పుగా వాడి ఇంకా కూరుకుపోయాను, ముఖ్యంగా ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నాది చేతులు కడుక్కునే రకం కాదు. అక్క కూతురు పసిపాపగా ఉన్నప్పుడు, ఎత్తుకుంటే చాలు "ఇప్పుడు కావాలనే కింద పడేస్తే?" అని ఒక ఆలోచన వచ్చేది, ఒళ్లంతా చల్లబడిపోయేది. ఆ పాపంటే నాకు ప్రాణం. అలాంటిది ఈ ఆలోచన వచ్చిందంటే లోపల నేను ఎలాంటి మనిషినో అని భయం పట్టుకుంది. ముందు ఎత్తుకోవడం మానేశాను, తర్వాత అక్క వాళ్లింటికి వెళ్లడమే మానేశాను, ఎందుకు రావట్లేదురా అంటే పని ఉందని అబద్ధం చెప్పేవాణ్ణి.

థెరపిస్ట్ మొదట చెప్పిన విషయం వినగానే ఏడుపొచ్చింది. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే మనస్తత్వవేత్తలు ఓసీడీ లేని మామూలు మనుషుల్ని అడిగితే, దాదాపు 80 శాతం మంది ఇలాంటి అక్కర్లేని ఆలోచనలు తమకూ వస్తాయన్నారట. వాళ్లు ఛీ అనుకుని పనిలో పడిపోతారు. మనం మాత్రం దాన్ని పట్టుకుని, వచ్చిందంటే చేసినట్టే, లేదా చేయబోతున్నట్టే అని నమ్మేస్తాం. దీనికి థాట్ యాక్షన్ ఫ్యూజన్ అని పేరుంది. ఆలోచన ఇద్దరికీ ఒకటే, దాని మీద మనం పెట్టే బరువులోనే తేడా అంతా.

ఇక నేను చేసిన తప్పు. ఆలోచన వచ్చిన ప్రతిసారీ "ఇవి అందరికీ వస్తాయి, నేను మంచివాణ్ణే, పాపను నేనేమీ చేయను" అని మనసులో చెప్పుకునేవాణ్ణి. ఐదు నిమిషాలు ఊరట. ఆ తర్వాత "అందరి సంగతి వేరు, నీది నిజమైతే?" అని మళ్లీ మొదలు, మళ్లీ అదే మాట, ఒక్కోరోజు వందసార్లు. తాళం వేశాక పదిసార్లు లాగి చూసుకునేవాళ్లు చేత్తో చేసే పనిని నేను మనసులో చేస్తున్నాను, అంటే రీఫ్రేమింగే నాకు కంపల్షన్ (భయం తగ్గించుకోవడానికి ఆపుకోలేక మళ్లీమళ్లీ చేసే పని) అయిపోయింది. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి థెరపిస్ట్ పట్టుకునేదాకా నాకూ తెలియలేదు.

అప్పుడు నాకు నేను చెప్పుకునే మాటను మార్చాం. "ఇది ఓసీడీ ఆలోచన. నిజమో కాదో ఇప్పుడు తేల్చను." అంతే, అదీ ఒక్కసారే. తర్వాత చేతిలో ఉన్న పని సాగించాలి, గుండె దడదడలాడుతున్నా సరే. ఇందులో రెండో వాక్యమే ప్రాణం. నేను మంచివాణ్ణని చెప్పుకోవడం కూడా తేల్చడమే కదా, తేల్చడం మొదలుపెడితే ఓసీడీకి వాదించడానికి ఇంకో అవకాశం ఇచ్చినట్టే.

దీంతోపాటు ఎక్స్‌పోజర్, అంటే భయపడేదాన్ని తప్పించుకోకుండా కొద్దికొద్దిగా ఎదుర్కోవడం, కూడా చేశాను (1966లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగులతో చేసిన చికిత్స నుంచి పెరిగిన పద్ధతి ఇది). మొదటిరోజు పాప పక్కన ఐదు నిమిషాలు కూర్చోవడం, తర్వాత ఒళ్లో పెట్టుకోవడం, చివరికి ఇంట్లో మేమిద్దరమే ఉండటం. ఇది లేకుండా రీఫ్రేమింగ్ ఒక్కటే నాకు సరిపోయేది కాదు, ఖచ్చితంగా చెప్పగలను. మందుల మాటా చెప్పాలి. ఓసీడీకి ఎస్ఎస్ఆర్ఐలు (డిప్రెషన్‌కి కూడా వాడే ఒక రకం మందులు) తరచూ డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే ఎక్కువ డోసులో ఇస్తారు, గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. మందు పనిచేయడం మొదలయ్యాకే ఆ రెండు వాక్యాలు అనుకునేంత ఖాళీ నాకు బుర్రలో దొరికింది.

అందరికంటే ఎక్కువ కష్టపడింది అక్క. "నేను అలా చేయను కదక్కా?" అని అడిగినప్పుడల్లా "ఛ, చేయవురా" అనేది పాపం. అదీ కంపల్షన్‌కి మేతేనని తెలిశాక, "అది ఓసీడీ అడుగుతున్న ప్రశ్నరా, దానికి నేను జవాబు చెప్పను, నీ పక్కనే కూర్చుంటా" అనడం నేర్చుకుంది. మొదట్లో కోపమొచ్చేది నాకు.

ఇప్పటికీ దెబ్బతినే చోట్లున్నాయి. నిద్ర సరిగా లేని రోజుల్లో పట్టు తప్పుతుంది. ఓసీడీ కొత్త విషయం ఎత్తుకున్నప్పుడు, ఆమధ్య జబ్బుల మీదికి మళ్లింది, "అది ఓసీడీనే కానీ ఇది మాత్రం నిజం" అనిపిస్తుంది, ప్రతిసారీ అలాగే అనిపిస్తుంది. విషయాన్ని బట్టి గుర్తుపట్టడం నావల్ల కాదు. వెంటనే తేల్చేయాలన్న ఆ తొందరను బట్టి గుర్తుపడతాను.

మొదట్లో కాగితం మీద రాసుకుని చదువుకున్న ఆ రెండు వాక్యాలు ఈ ఏడాది ఒక్క మాటకి వచ్చాయి, "ఓసీడీ" అని. కొన్ని రోజులు అదీ అనుకోను.