మెడికల్ స్టూడెంట్స్ ఏఐ యాప్: ఆరు నెలలు వాడాక మూడు స్టార్లు

చెన్నైలో ఎంబీబీఎస్ చదివే తెలుగోళ్ళం బానే ఉన్నాం, మా గ్రూపులో వారానికొకరు "ఈ యాప్ కొనొచ్చా బ్రో" అని అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసి పడేస్తున్నా. పేరు చెప్పను, మెడికోల కోసమే చేశాం అని ఊదరగొట్టే ఏఐ యాపే. ముగ్గురం డబ్బులేసుకుని ఒకే అకౌంట్ వాడుతున్నాం (అలా వాడకూడదంట, సర్లే).

ముందు మంచి చెప్తా. యాసిడ్ బేస్ (రక్తంలో ఆమ్లం, క్షారం లెక్క) నాకు ఫస్ట్ ఇయర్ నుంచీ బుర్రకెక్కలా. ఏబీజీ (దానికి చేసే ధమని రక్తం టెస్టు) వాల్యూస్ కొట్టి "జవాబు చెప్పకు, నన్నే అడుగు" అంటే పీహెచ్ ఎటుంది, బైకార్బ్ (బైకార్బొనేట్) ఎటు పోయింది, గ్యాప్ (సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బ్ తీసేస్తే మిగిలేది) లెక్కేశావా అని ఒక్కోటీ లాగుద్ది. సోడియం 140, క్లోరైడ్ 100, బైకార్బ్ 10, నేను గ్యాప్ 30 అని చెప్పేదాకా వదల్లేదు. రాత్రి రెండింటికి ఏ సీనియర్ అన్న ఇంత ఓపిగ్గా కూర్చుంటాడు చెప్పండి, పైగా తిట్టదు.

ఇంక మంట సంగతి. పల్మనరీ (ఊపిరితిత్తుల) టీబీ ట్రీట్‌మెంట్ అడిగితే రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అని టకటకా ఇచ్చింది. నేనదే బట్టీ కొట్టి మెడిసిన్ వైవాలో అప్పజెప్పా. మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసి "ఎథాంబ్యుటాల్ ఏమైంది?" అన్నారు, నాకు నోట మాట లేదు. మన నేషనల్ టీబీ ప్రోగ్రామ్‌లో ఆ నాలుగు నెలలూ ఎథాంబ్యుటాల్ కూడా నడుస్తది, ఇక్కడ ఐసోనియాజిడ్‌కి లొంగని టీబీ ఎక్కువని. వార్డులో పేషెంట్ చేతిలో స్ట్రిప్ తిప్పి చూసినా తెలిసేది, మూడూ కలిపిన మాత్రే కదా. రూముకొచ్చి యాప్‌ని నిలదీస్తే "మీరన్నది కరెక్ట్, క్షమించండి" అంది. ఒళ్ళు మండి "కాదు రెండే మందులు" అని కొట్టా, దానికీ "మీరన్నది కరెక్ట్" అంది!

పాముకాటు అడిగితే ఇంకా ఘోరం, అమెరికాలో ఉండే ర్యాటిల్‌స్నేక్ పాము మందు చెప్పుద్ది. ఇక్కడ ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం పక్కన పోయే రోడ్డు) మీద, క్రొకొడైల్ బ్యాంక్ (మొసళ్ళ పార్కు) దగ్గర, 1978లో పెట్టిన ఇరుళర్ల (పాములు పట్టే గిరిజనుల) సొసైటీ ఉంది, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషం వాళ్ళు తీసిస్తారు, మన యాంటీవెనమ్ ఎక్కువగా దాంతోనే తయారయ్యుద్ది. యాప్‌కి ఇవేం పట్టవు. క్యాజువాలిటీలో ఇంటర్న్ అక్క పాము కరిచిన పేషెంట్ రక్తం 2 ఎంఎల్ గాజు ట్యూబ్‌లో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూపించింది, నీళ్ళలా జారిపోయింది, గడ్డ కట్టలా, అంటే విషం రక్తంలోకి ఎక్కినట్టు. ప్లాస్టిక్ ట్యూబ్ ఎందుకు వాడకూడదో కూడా ఆ అక్కే చెప్పింది, ప్లాస్టిక్‌లో మంచి రక్తం కూడా సరిగ్గా గడ్డ కట్టదంట.

తమిళం కోసం కొనేవాళ్ళు మాత్రం ఆగండి. జ్వరం ఎన్నాళ్ళ నుంచి అని అడగటానికి అది "తంగళుక్కు ఎత్తనై నాట్కళాగ కాయ్చల్ ఉళ్ళదు" అని నేర్పింది, నేను బెడ్ పక్కన నిలబడి సీరియస్‌గా అదే అన్నా, పేషెంట్ పాటి (అవ్వ) ఒకటే నవ్వు, "ఎన్న తంబి, న్యూస్ వాసిక్కిఱియా" (ఏం తమ్ముడూ, న్యూస్ చదువుతున్నావా) అంది, అది అంత పుస్తకాల తమిళం మరి. "ఎత్తన నాళా జొరం" అంటే చాలంట. వార్డు మొత్తం రెండ్రోజులు నన్ను న్యూస్ తంబి అనే పిలిచారు.

ఇంకోటి, కేస్ షీట్ ఫోటో ఎక్కించే బటన్ ఇంత పెద్దది పెట్టారు గానీ పేషెంట్ పేరు, ఐపీ (అడ్మిషన్) నంబర్ తీసేయమని ఎక్కడా ఒక్క ముక్క రాయలా. మా రూమ్మేట్ అట్లాగే పెట్టేస్తే పీజీ చేసే సీనియర్ చూసి క్లాసు పీకాడు. మీరు చెయ్యొద్దు.

ఏబీజీ, ఈసీజీ ప్రాక్టీస్‌కి, ఎంసీక్యూలకి తీసుకోండి, డోసులకీ మన ప్రోగ్రాములకీ మాత్రం టెక్స్ట్‌బుక్కే తెరవండి. ఏడాది ప్లాన్ అసలు వద్దు, మధ్యలో ఆపితే పైసా వెనక్కి రాదు. మాకింకా ఆరు నెలలు మిగిలుంది, నాలుగో మనిషి ఎవరైనా వస్తారా?