ఎండ ఉంది, కరెంటు లేదు: మొహావీ ఎడారి క్యాబిన్లలో నాలుగేళ్ళు

బ్యాటరీ పెట్టె ఇంటికి ఏ వైపున ఉంది? ఎడారిలో చిన్న క్యాబిన్ అద్దెకు తీసుకునే ముందు నేనిప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. నాలుగేళ్ళ కిందట ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా తెలియదు. కిటికీలోంచి జాషువా చెట్లు (ఈ ఎడారిలో పెరిగే ముళ్ళాకుల చెట్లు) కనబడతాయా, రాత్రి బయట మంట వేసుకోవడానికి చోటుందా, పక్క ఇల్లు ఎంత దూరం, ఇవే చూసుకునేవాళ్ళం.

మేం దక్షిణ కాలిఫోర్నియాలో ఇర్వైన్‌లో ఉంటాం. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే, ట్రాఫిక్ దయను బట్టి, రెండున్నర నుంచి మూడు గంటల్లో గాలిమరలు దాటి, 62వ నంబరు హైవే ఎక్కి, మొరాంగో లోయ మీదుగా యక్కా వ్యాలీ చేరతాం. కరెంటు తీగలు రాక, సోలార్ పలకలు, బ్యాటరీతో నడిచే క్యాబిన్ కావాలంటే అక్కడి నుంచి మట్టి దారి పట్టాలి. 2021 నుంచి పదమూడు సార్లు వెళ్ళాం. అయిదు వేర్వేరు క్యాబిన్లు, ముప్పై ఎనిమిది రాత్రులు. ఈ లెక్క మా ఆవిడది. నన్ను అడిగితే యాభై అనేవాణ్ణి.

మొదట్లో దిగినవన్నీ ట్వెంటీనైన్ పామ్స్‌కు తూర్పున ఉన్న వండర్ వ్యాలీలో. 1938లో వచ్చిన చిన్న కమతాల చట్టం కింద ప్రభుత్వం ఇక్కడి బీడు నేలను అయిదేసి ఎకరాల ముక్కలుగా ఇచ్చింది. చిన్న ఇల్లొకటి కట్టి చూపించి, కొద్దిపాటి ధర చెల్లిస్తే ముక్క సొంతమయ్యేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నగరాల నుంచి జనం వచ్చి ఒంటిగది ఇళ్ళు కట్టుకున్నారు. వాటికి జాక్‌రాబిట్ హోమ్‌స్టెడ్లని పేరు పడింది. నీళ్ళు లేక, ఎండ భరించలేక చాలామంది వదిలేసి పోయారు. తలుపులు ఊడి, లోపల ఇసుక మేట వేసిన గదులు ఇప్పటికీ దారి పొడుగునా కనబడతాయి. వాటిలో కొన్నిటికే పైకప్పు మార్చి, సోలార్ పలకలు బిగించి, అద్దెకిస్తున్నారు. మాది అనంతపురం జిల్లా. నీళ్ళు లేక వదిలేసిన ఇళ్ళు నాకు కొత్త కాదు. అవి రాత్రికి నూట యాభై డాలర్లు పలకడమే కొత్త.

మొదటి ఏడాది నేను సోలార్ గురించి చెప్పిన గొప్పలు ఆఫీసులో ఇంకా కొందరికి గుర్తున్నాయి. ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో వెళ్ళాం. పొద్దున పది గంటలకల్లా బ్యాటరీ నూరు శాతం. దీపాలు, ఫోన్లు, చిన్న ఫ్రిజ్, ఒకసారి పల్లీల చట్నీ కోసం మిక్సీ కూడా తిప్పాం. ఇన్వర్టరు కొంచెం మూలిగింది కానీ తిప్పింది. 'ఎండ ఉన్నంత కాలం ఇక్కడ కరెంటు కోత ఉండదు' అని నేను అన్న మాట నిజం. వసంతకాలంలో అన్నాను, అంతే.

2023 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు వారం, పయనీర్‌టౌన్ దాటి ఇంకో అయిదు మైళ్ళు మట్టి దారిలో ఉన్న క్యాబిన్ తీసుకున్నాం. పయనీర్‌టౌన్ 1946లో కౌబాయ్ సినిమాల కోసం సెట్టింగులా కట్టిన ఊరు. ఎత్తు సుమారు 4,000 అడుగులు, దాదాపు మన హార్స్‌లీ హిల్స్ అంత. ఎత్తు ఒకటే కాబట్టి చలీ అటూఇటూగా ఉంటుందనుకున్న తెలివి నాది. హార్స్‌లీ హిల్స్‌లో చలి అంటే శాలువా. ఇక్కడ రెండో రాత్రి బయట సున్నాకు ఆరు డిగ్రీల కింద ఉంది.

ఆ శుక్ర, శనివారాలు రెండు రోజులూ మబ్బు. పాపకు అప్పుడు ఆరేళ్ళు, చలికి ముక్కు కారుతోంది. గ్యాసు హీటరు 22 డిగ్రీల మీద పెట్టి పడుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి నాకు మెలకువ వచ్చింది. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగిపోయినందుకు. హీటరు ఫ్యాను నిలిచిపోయింది. స్విచ్చు నొక్కితే దీపం వెలగలేదు. గోడ మీద సోలార్ తెర మాత్రం వెలుగుతోంది. అందులో 9 శాతం అని ఉంది. పదికి దిగగానే మిగతావన్నీ తెగిపోయేలా అమర్చారట.

బయట రెండు గ్యాసు సిలిండర్లు ఉన్నాయి, రెండూ దాదాపు నిండుగా. కానీ వేడి గాలిని గదిలోకి తోసే ఫ్యానూ, మంట అంటించే చిన్న పరికరమూ బ్యాటరీ మీదే నడుస్తాయి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, గ్యాసు ఉండి కూడా వేడి లేదు. పొయ్యి అగ్గిపుల్లతో వెలిగింది. దాన్నే మండించి గది వేడెక్కిద్దామన్నాను. 'తలుపులు మూసిన గదిలో పొయ్యి వెలిగించి నిద్రపోతే లేచేవాళ్ళు ఎవరు?' అంది మా ఆవిడ. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఆవిడ మాటే సరైనది. పాపను మధ్యలో పడుకోబెట్టుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, నేను నా జాకెట్ మీద ఇంకొకటి తొడుక్కుని తెల్లవారే దాకా కూర్చున్నాం. అయిదింటికి లోపల ఏడు డిగ్రీలు.

ఏడు కాకముందే సూర్యుడు వచ్చాడు. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. హమ్మయ్య అనుకున్నాను. తొమ్మిదింటికి పలకల మీద ఎండ నిండుగా పడుతోంది. తెర ముందు నిలబడి చూస్తున్నాను. పలకల వైపు వోల్టేజి బాగానే ఉంది. బ్యాటరీలోకి వెళ్తున్న ఆంపియర్లు సున్నా. తొమ్మిదిన్నరకు సున్నా. పదికి సున్నా. కళ్ళు చెదిరే ఎండలో, చేతులు కొంకర్లు పోతూ, ఆ సున్నాను చూస్తూ నిలబడ్డాను.

గుట్ట ఎక్కితే ఫోనుకు ఒక గీత సిగ్నలు దొరికింది. క్యాబిన్ యజమానికి సందేశం పంపాను. 'ఎండ వచ్చింది కదా, కాసేపట్లో సర్దుకుంటుంది' అని జవాబు. దిగి వచ్చి బ్యాటరీ పెట్టె వెతికాను. ఇంటికి ఉత్తరాన, గోడ నీడలో, ఇనుప పెట్టె. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. మూత తీస్తే బ్యాటరీ మీద చిన్న అక్షరాల కాగితం అంటించి ఉంది: సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జి చేయరాదు.

అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఇప్పుడు అందరూ మెచ్చుకునే రకం, నేనూ మెచ్చుకున్నదే. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జి చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా లోహంలా పైన పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే లోపలి రక్షణ సర్క్యూటు ఛార్జి రాకుండా ఆపేస్తుంది. వాడుకోవడానికి మాత్రం సున్నాకు ఇరవై డిగ్రీల కింద దాకా అభ్యంతరం లేదు. ఇవ్వమంటే ఇస్తుంది, పుచ్చుకోమంటే పుచ్చుకోదు. అంటే చలి రాత్రి మనం దాన్ని ఖాళీ చేయవచ్చు, చలి పొద్దున నింపడానికి మాత్రం వీల్లేదు. వండర్ వ్యాలీలో మేం దిగిన పాత క్యాబిన్‌లో సీసం బ్యాటరీలు ఉండేవి. వాటిని చూసి నవ్వుకున్నాను. అవి చలిలో నెమ్మదిగానైనా ఛార్జి పుచ్చుకుంటాయి. ఊళ్ళో మా నాన్న ఇన్వర్టరు బ్యాటరీని మెట్ల కింద పెట్టి, నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసి, బిడ్డలా చూసుకునేవాడు. ఇంత ఖరీదైన బ్యాటరీని బయట ఇనుప పెట్టెలో పడేయాలని ఆయనకైతే తట్టేది కాదు.

ఉపాయం మా ఆవిడదే. పొయ్యి మీద నీళ్ళు కాచి, మూడు స్టీలు సీసాల్లో పోసి, మూతలు గట్టిగా బిగించి, తువ్వాళ్ళు చుట్టి బ్యాటరీ పక్కన నిలబెట్టాం. పైన దుప్పటి కప్పాం. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టాయి కాబట్టి తాగడానికి తెచ్చుకున్న అయిదు గ్యాలన్ల డబ్బాలోంచే కాచాం. రెండుసార్లు నీళ్ళు మార్చాం. తెరలో బ్యాటరీ ఉష్ణోగ్రత మైనస్ 2, మైనస్ 1, 0, 3. పదకొండు ఇరవైకి ఆంపియర్ల సున్నా కాస్తా నాలుగైంది, తర్వాత పదిహేడు. పాప చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, దాచుకోవడం ఎందుకు.

తర్వాత యజమాని మాట: 'మీరు హీటరు ఎక్కువ వాడారు'. లెక్క వేసి చూపించాను. హీటరు ఫ్యాను సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది, 12 వోల్టుల మీద 84 వాట్లు. పద్నాలుగు గంటల రాత్రిలో సగం పైగా తిరిగితే 700 వాట్ అవర్లు. బ్యాటరీ మొత్తం సామర్థ్యం 1,280. రెండు రాత్రులు, మధ్యలో మబ్బు, మీద ఫ్రిజ్. ఎలా చూసినా సరిపోదు. వేసవి కోసం వేసిన లెక్కతో చలికాలంలో అద్దె వసూలు చేస్తున్నారు, నా గొడవ అదే. ఒక రాత్రి అద్దె వెనక్కి ఇచ్చారు. నేను 22 కాకుండా 17 మీద పెట్టి ఉంటే పొద్దుటి దాకా గడిచేదేమో, అది కూడా ఒప్పుకోవాలి.

ఇక మిగతావి. చీకటి గురించి అందరూ చెప్పేది నిజమే. జాషువా ట్రీ నేషనల్ పార్కుకు 2017లో అంతర్జాతీయ డార్క్ స్కై గుర్తింపు వచ్చింది. అమావాస్య నాడు పాలపుంత చూసి పాప 'ఎవరో పిండి చల్లారు' అంది. కాకపోతే చీకటి నెత్తి మీదే. దిగువన పామ్ స్ప్రింగ్స్ వైపు ఆకాశం అంచు ఎప్పుడూ లేత పసుపుగా ఉంటుంది. నిశ్శబ్దం గురించి కూడా నేను చాలా పొగిడాను. ట్వెంటీనైన్ పామ్స్ పక్కనే అమెరికా మెరైన్ సైనికుల పెద్ద శిక్షణ స్థావరం ఉంది. వాళ్ళు ఫిరంగులు పేలుస్తున్న రాత్రి మబ్బు లేని ఉరుములు వినబడతాయి, వండర్ వ్యాలీలో కిటికీ అద్దాలు గలగలలాడతాయి. కానీ వాన పడ్డాక క్రియోసోట్ పొదల నుంచి వచ్చే వాసన ఉందే, దానికి మాత్రం నేను ఎలాంటి సవరణా చేయను. అక్కడ ఏడాదికి పడేదే సుమారు 4 అంగుళాలు. కరువు జిల్లా అనిపించుకున్న మా అనంతపురంలో 20 దాటుతుంది. పదమూడు ప్రయాణాల్లో ఆ వాసన మాకు రెండుసార్లే దక్కింది.

మరుగుదొడ్డి సంగతి చెప్పకపోతే మనవాళ్ళకు ఈ సమీక్ష ఎందుకూ పనికిరాదు. నీళ్ళు వాడని కంపోస్టు దొడ్డి ఉంటుంది. ద్రవం ముందుకు, ఘనం వెనక్కి, మీద గుప్పెడు కొబ్బరి పొట్టు. మా ఆవిడది అమలాపురం. ఇటుకలా నొక్కి కట్టిన కొబ్బరి పొట్టును అమెరికాలో ఇందుకోసం డబ్బులిచ్చి కొంటున్నారని తెలిసి పడీపడీ నవ్వింది. 'మా ఊళ్ళో గట్ల మీద గుట్టలు పోసి ఉంటుంది, కంటైనరు పంపమని అన్నయ్యకు చెబుతాను' అంటూ ఉంటుంది. పొట్టు బాగానే పని చేస్తుంది, వాసన నిజంగానే రాదు. కానీ అందులో నీళ్ళు పడకూడదు. చెంబు అలవాటున్న మనిషి ఏం చేయాలి? మేం బయట స్నానానికి కట్టిన చప్టా మీద సర్దుకున్నాం. 2024 వసంతంలో అమ్మ వచ్చినప్పుడు ఆవిడ సర్దుకోలేదు. రెండో పొద్దున ఆవిడ నెమ్మదిగా, 'చాలా బాగుంది నాయనా, ఇంటికి ఎప్పుడు వెళ్తున్నాం?' అని అడిగింది. ఆ మధ్యాహ్నమే సామాను సర్దేశాం.

కాబట్టి 'ఇలాంటి క్యాబిన్‌కు వెళ్ళవచ్చా' అని నన్ను అడిగేవాళ్ళకు ఒకటే జవాబు ఇవ్వలేకపోతున్నాను. మాకు రెండున్నర గంటల దూరం, కారు మాది, పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు, ఇద్దరికీ మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి. మార్చి నుంచి మే దాకా, అక్టోబరు, నవంబరుల్లో మేం మళ్ళీ మళ్ళీ వెళ్తాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోలార్ మీద నడిచే కూలరును నమ్ముకుని ఎవరినీ వెళ్ళమని చెప్పను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు యక్కా వ్యాలీలో మామూలు హోటలు తీసుకుని, పగలు ఎడారి చూపించి రావడమే మేలు. చంటిపిల్లలున్నవాళ్ళ సంగతి నాకు తెలియదు, మేం అలా వెళ్ళలేదు.

చలికాలం మాత్రం వద్దని నేను అంటాను, మా ఆవిడ అనదు. ఆ డిసెంబరు పొద్దుటిని ఆవిడ ఇప్పుడు ఇష్టంగానే తలుచుకుంటుంది. ఈ జనవరికి ల్యాండర్స్ అనే ఎడారి ఊరి దగ్గర కొత్త క్యాబిన్ ఒకటి చూసింది. నేను వాళ్ళకు రాశాను: బ్యాటరీ లోపల ఉందా, బయట ఉందా, బయటైతే ఏ వైపు? నిన్న జవాబు వచ్చింది. అందులో ఒక్క అక్షరం లేదు, నక్షత్రాల కింద క్యాబిన్ ఉన్న అందమైన ఫొటో ఒకటి ఉంది. గోడ పక్కన నల్లగా కనబడేది నీళ్ళ ట్యాంకా, ఇనుప పెట్టా అని ఇద్దరం దాన్ని పెద్దది చేసి చూస్తున్నాం.