డైవ్ లాగ్‌బుక్: తొమ్మిదేళ్లు రాశాక పనికొచ్చిన గడులు

సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునిగిన (స్కూబా డైవ్) ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకమే డైవ్ లాగ్‌బుక్. నా మొదటి లాగ్‌బుక్ అట్ట ఊడిపోయి, ఇప్పుడు రబ్బరు బ్యాండు మీద బతుకుతోంది. మొదటి మూడు పేజీల్లో పెన్ను సిరా ఉప్పునీటికి అలుక్కుపోయి ఒక్క అక్షరమూ చదవడానికి రాదు. నాలుగో డైవ్ నుంచి పెన్సిల్ పట్టాను. 2016లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లపాటు డైవ్‌కు ఒక పేజీ చొప్పున రాశాను, మొత్తం 112. డైవర్లు లాగ్‌బుక్ రాసుకోవాలా అని అడిగేవారికి నా జవాబు, రాసుకోవాలి. అయితే అచ్చు పుస్తకంలో ఉండే గడుల్లో సగం దండగ.

నేను నరసాపురం దగ్గర రొయ్యలు పెంచుతాను. పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టిన రోజుల్లోనే నాకు తీరిక. మా తీరంలో మునిగి చూసేదేమీ లేదు. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట మోకాలి లోతులో నిలబడితే పాదాలు కనిపించవు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే ఇక సముద్రం కూడా ఎర్రమట్టి రంగే. అందుకని రుషికొండ, డబ్బులు మిగిలిన ఏడు అండమాన్లలో హేవ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు). మా అమ్మకు ఈ సరదా ఇప్పటికీ మింగుడుపడలేదు. మా వైపు గోదావరిలో మునిగేది గజ ఈతగాళ్లు, అదీ ఏదో ఒక ఇంట్లో ఏడుపులు మొదలయ్యాక. "ఎదురు డబ్బులిచ్చి మునగడం ఏమిటిరా?" అంటుంది.

పుస్తకం అవసరం ఏడో డైవ్‌లో తెలిసింది. శిక్షణ హైదరాబాద్‌లో ఒక ఈతకొలనులో తీసుకున్నాను. అక్కడ తేలకుండా మునగడానికి నడుముకు 4 కిలోల సీసం కట్టుకుంటే సరిగ్గా సరిపోయేది. ఆ అంకె నోటికి పట్టేసింది. సముద్రంలోనూ అదే అడిగి కట్టించుకున్నాను. దిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 16 మీటర్ల లోతున అరగంట తిరిగి, పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర జాగ్రత్త కోసం 3 నిమిషాలు ఆగాలి. అక్కడే ఆగలేకపోయాను. ఊపిరంతా వదిలాను, తేలడానికి గాలి నింపుకునే జాకెట్టులో గాలి చివరి బుడగ దాకా తీసేశాను, అయినా బెండులా పైకి తేలిపోయాను. గైడు నా కాలు పట్టుకుని కొంతసేపు లాగి చూసి, ఇక లాభం లేదని వదిలేశాడు.

ఆ సాయంత్రం పేజీ ముందు కూర్చుంటేగాని తప్పెక్కడో తెలియలేదు. బరువు గడిలో 4 అని రాశాను. పక్కన నీరు అనే గడి: మంచినీరా, ఉప్పునీరా? పెన్సిల్ అక్కడే ఆగిపోయింది. సముద్రపు నీరు మంచినీటికంటే లీటరుకు దాదాపు 25 గ్రాములు ఎక్కువ బరువు. సామాను కట్టుకున్న మనిషి వంద లీటర్ల చోటు ఆక్రమిస్తాడనుకుంటే రెండున్నర కిలోల తేడా. మరి దిగేటప్పుడు ఎలా దిగాను? 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల పీడనంతో నింపిన గాలి కూడా రెండున్నర కిలోల చిల్లర తూగుతుంది. ఆ గాలి నన్ను కిందకు దింపింది. దాన్ని పీల్చేశాక పైకి తేలాను. రోజూ పొద్దున్నే చెరువు నీటిలో ఉప్పు శాతం చూసే మనిషికి ఆ సంగతి తన నడుము దగ్గరకొచ్చేసరికి తట్టలేదు. తర్వాతి డైవ్‌కు 6 కిలోలు. నేటికీ అదే.

గడియారంలా చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ ఉండగా కాగితం ఎందుకంటారు. లోతు, సమయం, ఉష్ణోగ్రత అదే రాసుకుంటుంది, నాకంటే నిజాయితీగా రాసుకుంటుంది. కాబట్టి ఆ గడులు నేను నింపడం మానేశాను. ఎంత సీసం కట్టుకున్నానో, ఏ వెట్‌సూట్ (నీటిలో వేసుకునే రబ్బరు దుస్తులు) వేసుకున్నానో, ఎక్కడ కంగారుపడ్డానో దానికి తెలియదు. నా కంప్యూటరుకు సిలిండర్‌తో సంబంధం లేదు కాబట్టి గాలి లెక్క కూడా నాదే. 2016లో ఒక డైవ్: సగటు లోతు 10 మీటర్లు, 31 నిమిషాల్లో 140 బార్లు ఖాళీ. అక్కడ పీడనం ఉపరితలం కంటే రెండింతలు కనుక, ఉపరితలం లెక్కన నిమిషానికి పాతిక లీటర్లు. ఈ మధ్య 12 మీటర్ల సగటులో 45 నిమిషాలకు 130 బార్లు; అంటే నిమిషానికి 14 లీటర్ల పైచిలుకు. ఈత మారలేదు, కంగారు తగ్గింది. పాత పేజీ లేకపోతే ఈ మాట నేనే నమ్మేవాణ్ని కాదు.

చివరి డైవ్ నుంచి పైకి వచ్చిన సమయం మాత్రం కంప్యూటర్‌లో ఉన్నా చేత్తో రాస్తాను. వరసగా డైవులు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగమంటారు. బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్‌తో విమానాశ్రయంలో వేళ్లు లెక్కపెట్టుకోవడం ఒకసారి అయింది, చాలు.

ఇక నచ్చనివి. గైడు సంతకం, ముద్ర అనే గడి మీద నాకు నమ్మకం పోయింది. ఒక చోట నా కంప్యూటర్ 18.6 మీటర్లు చూపిస్తుంటే గైడు 24 అని రాసి సంతకం చేశాడు. ఇదేమిటని అడిగితే, "పుస్తకంలో బాగుంటుంది సార్" అన్నాడు. ఆ అంకె చూసి రేపు ఇంకొకరు నన్ను 30 మీటర్లకు దింపితే? గైడుగా పనిచేయడానికి చదివే డైవ్ మాస్టర్ కోర్సులో చేరడానికి డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ 40 డైవులు అడుగుతుంది, పూర్తయ్యేసరికి 60 కావాలి. ఆ దారిలో వెళ్లేవారికి సంతకాలు తప్పవు. చేపల బొమ్మల పేజీలు పిల్లలకు ఇచ్చేశాను, రంగులు వేసుకున్నారు.

పుస్తకం నాకు ఎదురుతిరిగిన రోజూ ఉంది. వరసగా రెండు పంటలు దెబ్బతిని సముద్రం మొహం చూడకుండా చాలాకాలం గడిచింది. మళ్లీ వెళ్లినప్పుడు "మొన్నీమధ్యే చేశాను" అన్నాను, అబద్ధమని అనుకోకుండానే. పుస్తకం తెరిస్తే చివరి పేజీకి 26 నెలలు. కిక్కురుమనకుండా మొదటి రోజు 6 మీటర్ల లోతులో మాస్కు తీసి పెట్టుకోవడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్ (గాలి పీల్చే పరికరం) వెతుక్కోవడం మళ్లీ నేర్చుకున్నాను.

ఇప్పుడు నడుస్తున్నది మూడో పుస్తకం. డైవింగ్ దుకాణంలో కొన్నది కాదు, చెరువు దగ్గర మేత రాసుకునే గీతల రిజిస్టరు. నాకు కావలసిన గడులు నేనే గీసుకున్నాను: బరువు, నీరు, గాలి మొదలు, గాలి చివర, బయటికి వచ్చిన సమయం, తప్పు. చిక్కల్లా, రెండు రిజిస్టర్ల అట్టా ఒకటే. 97వ డైవ్ పేజీలో మా చెరువు కుర్రాడు "రెండో చెరువు, ఉదయం, 42 కిలోలు" అని రాసి కింద సంతకం కూడా పెట్టాడు.