‘ఇల్లంతా ఒకటే రేటు’ అన్న టైల్స్ మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ లెక్క చూడండి

సొంతిల్లు కట్టుకుంటున్నవాళ్ళు, పాత ఫ్లాట్‌లో టైల్స్ మార్పిస్తున్నవాళ్ళు చాలామంది ఒకే చోట దెబ్బతింటున్నారు. ముగ్గురు మేస్త్రీలను పిలిచి రేటు అడుగుతారు. ఇద్దరు గదులకో రేటు, బాత్‌రూమ్ గోడలకో రేటు, గోడ అడుగున వేసే టైల్ పట్టీకి, అంటే స్కర్టింగ్‌కో రేటు చెబుతారు. మూడో మనిషి "ఇల్లంతా ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) 25 సార్, ఏ పేచీ లేదు" అంటాడు. వినడానికి హాయిగా ఉంటుంది, పని అతనికే ఇస్తారు. హాలు, బెడ్‌రూములు పది రోజుల్లో చకచకా అయిపోతాయి. అప్పటికే డబ్బులో ముప్పావు వంతు అతని చేతిలోకి వెళ్ళిపోయి ఉంటుంది. బాత్‌రూముల వంతు వచ్చేసరికి మేస్త్రీ ఊరెళ్ళాడంటారు. ఫోన్ ఎత్తడు. ఎత్తినా "ఆ రేటుకి గిట్టదు, ఇంకో 15 వేలు వేసుకోండి" అంటాడు. సగంలో ఆగిన పనిని వేరే మేస్త్రీ ముట్టుకోడు, ముట్టుకుంటే ఎక్కువ అడుగుతాడు.

ఇలా ఎందుకవుతుందో లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఒక మేస్త్రీ, ఒక హెల్పర్ కలిసి రోజుకు 2,000 కూలీ అనుకుందాం. మీ ఊళ్ళో ఎంత నడుస్తుంటే అంత వేసుకోండి. ఖాళీ గదిలో రెండడుగుల టైల్ అయితే ఆ ఇద్దరూ రోజుకు సుమారు 100 చదరపు అడుగులు పరుస్తారు. అంటే అడుగుకు 20 పడుతుంది. బాత్‌రూమ్‌లో అలా సాగదు. కుళాయి పాయింట్లకు కన్నాలు, మూలల్లో కటింగ్, నీటి వాలు, గోడ తూకం, ఇన్ని చూసుకుంటూ 45 అడుగులు చేస్తే గొప్ప. అంటే అడుగుకు 44. ఇప్పుడు గదులన్నీ 1,000 చదరపు అడుగులు, రెండు బాత్‌రూములు గోడ, నేల కలిపి 410 అనుకోండి. గదుల్లో పది రోజుల కూలీ 20,000 పోతే 25 రేటు మీద 25,000 వస్తుంది, 5,000 మిగులుతుంది. బాత్‌రూముల్లో తొమ్మిది రోజులకు 18,000 పోతే వచ్చేది 10,250. దాదాపు 7,750 నష్టం. అంటే గదులు అయ్యేదాకా అతనికి లాభం, ఆ తర్వాత వేసే ప్రతి టైలూ చేతి నుంచి పెట్టుకోవడమే. అలాంటి పనికి ఎవరు తిరిగొస్తారు? తక్కువ రేటు చెప్పిన రోజే బాత్‌రూముల దగ్గర గొడవ ఖాయమైపోయింది.

అందుకే రేట్లు విడివిడిగా మాట్లాడుకోండి. బాత్‌రూమ్‌కి 45 అడిగిన మేస్త్రీని చూసి భయపడకండి, గదులకి కూడా అదే రేటు వేస్తున్నాడేమో మాత్రం చూసుకోండి. పనిని బాత్‌రూముతోనే మొదలుపెట్టించండి. మొదటి బాత్‌రూమ్ చూస్తేనే అతని చేతిపని ఎలాంటిదో తెలుస్తుంది. నచ్చకపోతే అక్కడితో ఆపేయవచ్చు, పోయేది 200 అడుగుల పనే.

ఇంకో సంగతి. మాట్లాడింది ఒకరు, వచ్చి పనిచేసేది ఇంకొకరు అవుతున్నారు. కాంట్రాక్టర్ 25కి ఒప్పుకొని వేరే జట్టుకి తక్కువకి అప్పగిస్తాడు. ఆ జట్టుకి అడుగులు పెరిగితేనే డబ్బు, కాబట్టి వేగం తప్ప ఇంకేదీ పట్టించుకోరు. "టైల్ పట్టేది ఎవరు, ఇంతకుముందు వాళ్ళు చేసిన ఇల్లు ఎక్కడుంది" అని అడిగి, కనీసం ఏడాది పాతబడిన పని చూడండి. కొత్త పని ఎవరిదైనా మెరుస్తుంది.

రేటులో ఏవి కలవలేదో నోటితో అడిగి కాగితం మీద రాయించుకోవాలి. స్కర్టింగ్ రన్నింగ్ ఫీట్‌కి వేరే. మెట్ల అంచుకి, బాల్కనీ అంచుకి, కిచెన్ గట్టు అంచుకి 45 డిగ్రీల కోత వేరే. పాత టైల్స్ పగలగొట్టడం వేరే, ఆ రాళ్ళూ మట్టీ ట్రాక్టర్‌కెత్తి పంపడం ఇంకా వేరే. టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌటింగ్ వేరే. పెట్టెలు పైకి మోయడం అసలు ఎవరికీ గుర్తుండదు. రెండడుగుల టైల్స్ పెట్టె 26, 27 కిలోలు ఉంటుంది. 70 పెట్టెలంటే రెండు టన్నులకి దగ్గర. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి పెట్టెకి ఇంతని అక్కడికక్కడ అడుగుతారు, రోడ్డు మీద సరుకు పెట్టుకొని బేరమాడలేరు.

కొలత దగ్గర జరిగే తేడాలు చిన్నవి కావు. పరిచిన టైల్‌నే కొలవాలి. కొందరు గోడ మందం కలిపి బయటి కొలత తీస్తారు, కొందరు బాత్‌రూమ్ గోడలో తలుపు ఖాళీని తీసేయరు. రెండున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపంటే పదిహేడున్నర చదరపు అడుగులు. ఇంకొందరు విప్పిన పెట్టెల్ని లెక్కబెట్టి, పెట్టెకి 16 చొప్పున బిల్లు వేస్తారు. కోతల్లో పోయిన ముక్కలకి కూడా మీరే కూలీ ఇచ్చినట్టు అవుతుంది. స్కర్టింగ్ నాలుగంగుళాల ఎత్తే కాబట్టి మూడు రన్నింగ్ ఫీట్లు కలిస్తేనే ఒక చదరపు అడుగు. అయినా దానికి ఫీటు లెక్కనే రేటు కట్టడం న్యాయమే, పని ఎక్కువ. కానీ ఫీటు రేటెంతో ముందే తేలాలి, ఆఖర్న కాదు.

పెట్టెకి 16 అన్నమాట దుకాణంలో కూడా ముంచుతుంది. రెండడుగుల టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులకి అరంగుళం లోపే తక్కువ. చూడటానికి అంతే, కానీ నాలుగు టైల్స్ పెట్టె పరిచేది 16 కాదు, పదిహేనున్నర. 600 బై 1200 మిల్లీమీటర్ల సైజులో రెండు టైల్స్ పెట్టెకీ ఇదే లెక్క. 1,000 అడుగులకి 16తో భాగించి 63 పెట్టెలు తెస్తే నేల నిండదు. కోతల తరుగు 6 శాతం కలుపుకుంటే 69 కావాలి. మధ్యలో తక్కువ పడి మళ్ళీ వెళ్తే అదే డిజైన్ దొరుకుతుంది, అదే రంగు దొరకదు. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీల్లో ఒక్కో విడతకి ఛాయ కొద్దిగా మారుతుంది. అందుకే పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ముద్రిస్తారు. లారీ దిగగానే అన్ని పెట్టెల మీదా ఒకటే ఉందో లేదో చూసి తర్వాతే సంతకం పెట్టండి. చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో కూడా అక్కడే తేల్చుకోండి.

స్కర్టింగ్‌లో చిన్న పొదుపు ఉంది. ఎత్తు సరిగ్గా నాలుగంగుళాలు కావాలంటే ఒక టైల్‌లో ఐదు పట్టీలే వస్తాయి, ఆరోదానికి 600 మిల్లీమీటర్ల టైల్ చాలదు. 95 మిల్లీమీటర్లు చాలనుకుంటే ఆరు వస్తాయి. 320 ఫీట్ల స్కర్టింగ్‌కి 33 టైల్స్ పట్టేది 28తో అయిపోతుంది.

ఇప్పుడు అసలు ఖర్చు దాక్కునే చోటు: నేల లెవెల్. టైల్ కింద ఒకటిన్నర, రెండంగుళాల మాలు వేస్తారు, ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళు ఇసుక. రెండంగుళాల మందానికి 1,000 అడుగులకి సుమారు 26 బస్తాలు. స్లాబ్ ఎత్తుపల్లాలుంటే మందం పెరుగుతుంది. ప్రతి అదనపు అంగుళానికీ 13 బస్తాల సిమెంటు, నాలుగు టన్నులకి పైగా ఇసుక తోడవుతాయి. పని మొదలయ్యాక "సార్, లెవెల్ పోయింది, ఫిల్లింగ్ కట్టాలి" అంటే కాదనలేరు. రేటు మాట్లాడే రోజే లెవెల్ పైపుతోనో లేజర్‌తోనో ప్రతి గదిలో ఎత్తైన చోటు, పల్లపు చోటు గుర్తించి గోడ మీద గీత కొట్టించండి. "రెండంగుళాలు దాటితే అడుగుకి ఇంత" అని రాసుకోండి. పాత టైల్స్ మీదే కొత్తవి అతికించే పనైతే మాలు ఖర్చు ఉండదు, కానీ నేల అరంగుళం లేస్తుంది. అన్ని తలుపుల కిందా కోయాలి. వడ్రంగి కూలీ కూడా లెక్కలో వేసుకోండి.

అతికించే పద్ధతి దగ్గర డబ్బు ఆదా చేయకండి. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు, కాబట్టి ఉత్త సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టవు. గోడకైతే మరీ ప్రమాదం, ఆరేడడుగుల ఎత్తు నుంచి ఊడి మనిషి మీద పడవచ్చు. టైల్ అతికించే జిగురు పొడి, అంటే అడ్హెసివ్ బస్తా మీద ఐఎస్ 15477 అనే ప్రమాణం నంబరు, పక్కనే టైప్ ఎంతో ఉంటుంది. విట్రిఫైడ్ గోడకి టైప్ 2కి తగ్గకండి, పాత టైల్ మీదా ఎండ తగిలే బయటి గోడకీ టైప్ 3 తీసుకోండి. 20 కిలోల బస్తా మూడు మిల్లీమీటర్ల మందంలో 50 అడుగుల దాకా వస్తుంది, అంటే పైన చెప్పిన 410 అడుగులకి తొమ్మిది బస్తాలు. ఐదు బస్తాలతో అయిపోయిందంటే సంతోషించకండి. సిమెంటు కలిపారు, లేదా టైల్ వెనక ఐదు చోట్ల ముద్దలు పెట్టి నొక్కారు. ముద్దల మధ్య డొల్ల ఉంటుంది. మూల మీద బరువు పడితే అక్కడే పగులుతుంది. పళ్ళ తాపీతో గోడంతా గీతలుగా పూసి, పెద్ద టైల్ అయితే వెనక కూడా పల్చగా పూయాలి. వెనకున్న తెల్ల పొడిని ముందే బ్రష్‌తో దులపాలి. అడ్హెసివ్ గోడ వంకరని సరిచేయదు, ప్లాస్టరింగ్ తూకం తప్పి ఉంటే ఆ సవరణకి వేరే డబ్బు.

టైల్‌కి టైల్ ఆనించి సందు లేకుండా వేస్తామంటే ఒప్పుకోకండి. సందు సమానంగా ఉంచే స్పేసర్ కనీసం రెండు మిల్లీమీటర్లది పెట్టించండి, గోడ వారన స్కర్టింగ్ కింద ఐదారు మిల్లీమీటర్లు వదిలించండి. వేడికి వ్యాకోచించడానికి చోటు లేకపోతే కొన్నాళ్ళకి హాలు మధ్యలో టైల్స్ చప్పుడుతో పైకి లేస్తాయి. నాలుగడుగుల టైల్‌ని ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేయకూడదు. పొడవు టైల్ మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి అంచులు కాలికి తగులుతాయి. మూడో వంతు జరిపితే చాలు.

ఎపాక్సీ గ్రౌట్ కిలోల లెక్కలో ఎక్కువ రాసేస్తున్నారు. టైల్ పొడవు, వెడల్పుల మొత్తాన్ని వాటి లబ్ధంతో భాగించి, సందు వెడల్పు, టైల్ మందం, 1.6తో గుణించండి. అన్నీ మిల్లీమీటర్లలో వేస్తే చదరపు మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. రెండడుగుల టైల్, 2 మిల్లీమీటర్ల సందు, 9 మిల్లీమీటర్ల మందానికి 1,000 అడుగులకి 9 కిలోలు, వృథా కలిపి 12. పాతిక కిలోలు అడిగితే ఈ లెక్క చూపించండి. టైల్ మీద అంటిన ఎపాక్సీని ఆ పూటే తుడిపించండి, గట్టిపడితే పోదు.

బాత్‌రూమ్‌లో టైల్ వేయకముందే వాటర్ ప్రూఫింగ్ అయ్యాక నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచి, కింది సీలింగ్ చూడండి. టైల్ పరిచాక గ్రౌట్ పట్టకముందు బకెట్ నీళ్ళు గుమ్మరించండి. నీళ్ళు పోయే జాలీ వైపు పోకుండా మూలలో నిలిచిందంటే అప్పుడే విప్పించాలి. అడుగు పొడవుకి ఎనిమిదో వంతు అంగుళం వాలు ఉండాలి.

డబ్బు విషయంలో: అడ్వాన్స్ రెండు మూడు రోజుల కూలీకి మించి వద్దు. గది పూర్తయ్యాక ఆ గది డబ్బు, అది కూడా స్కర్టింగ్ అయ్యాకే. మొత్తంలో పదో వంతు 15 రోజులు ఆపండి. ఆ తర్వాత కర్ర ముక్కతో ప్రతి టైల్ నాలుగు మూలలూ కొట్టి, డొల్ల పలికినచోట చాక్‌పీస్‌తో గుర్తుపెట్టి, అవి మార్చాకే మిగతాది ఇవ్వండి. ఈ షరతు మొదటి రోజే చెప్పాలి. పనితనం ఉన్న మేస్త్రీ దీనికి అభ్యంతరం చెప్పడు.

ఇప్పటికే డబ్బిచ్చి పని ఆగిపోయి ఉంటే, ముందు వేసినంత మేరకు గదివారీగా కొలిచి, తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, ఇచ్చిన డబ్బు పక్కన రాసి అతనికి వాట్సాప్‌లో పంపండి. కొత్త మేస్త్రీని పిలిచి పాత పని అతని ఎదుటే తట్టి చూపించండి, డొల్లలు ఎవరి ఖాతాలోవో అప్పుడే తేలుతుంది. మిగిలిన పెట్టెలు లెక్కబెట్టి, ఒకే బ్యాచ్‌వి ఒక పక్కన పెట్టి తాళం వేయండి. బాత్‌రూములకి కొత్త మేస్త్రీ అడుగుకి 45, 50 అడిగితే పాత 25తో పోల్చి బేరమాడకండి.